బల్బు ఎక్కువగా వెలిగింది, టీవీ కాలింది, ఫ్రిజ్ ముట్టుకుంటే షాక్: కర్నూలు పాత ఇంట్లో ముందు ఏం చేయించాలి?

పిండిమిషను కర్నూలు:

అందరికీ నమస్కారం. మాది కర్నూలు పాతబస్తీ, కొండారెడ్డి బురుజుకు దగ్గర. తాత కట్టించిన మిద్దె. ముందు గదిలో పిండి మిషను, కారం మిషను పెట్టుకున్నాం, వెనక మేం ఉంటాం. మిషను కోసం త్రీ ఫేజ్ సర్వీసు ఉంది. ఇంటికి కూడా దాన్నుంచే లాగారు.

మొన్న సాయంత్రం ఈదురుగాలితో వాన పడింది కదా. నేను జొన్నలు పడుతున్నా. ఉన్నట్టుండి దేవుడి గదిలో పాతకాలం గుండు బల్బు కళ్లు చెదిరేలా తెల్లగా వెలిగింది. లోపల ఫ్యాను ఎప్పుడూ లేనంత వేగంగా తిరిగింది. అదే సమయానికి ముందు గదిలో ట్యూబ్‌లైటు కొట్టుకుంటూ ఆరిపోయింది, కూలరు నీరసంగా మూలిగింది. టీవీ వెనక టప్‌మని శబ్దం, ఆ వెంటనే కాలిన వాసన. ఇంతలో అమ్మ ఫ్రిజ్ తలుపు పట్టుకుని షాక్ కొట్టి వెనక్కి పడిపోయింది. నేను మెయిన్ దగ్గరికి పరిగెత్తాను. అది ఇనుప పెట్టె మెయిన్, బిగుసుకుపోయి ఉంది, గట్టిగా గుంజితే గానీ దిగలేదు. అమ్మకు స్పృహ తప్పలేదు, చెయ్యి తిమ్మిరి పట్టిందంటోంది.

నాకు అర్థం కానిది ఒకటి ఉంది. ఇంత జరుగుతున్నా మిషను మోటరు మాత్రం ఏమీ కానట్టు మామూలుగా తిరిగింది.

వైరింగ్ చాలా పాతది. చెక్క పట్టీల మీద లాగిన వైర్లు, పింగాణీ ఫ్యూజులు. 2009 అక్టోబరు వరదలో మీటరు బోర్డుతో సహా అంతా మునిగింది. నీళ్లు తీశాక నాన్న హయాంలో బోర్డు ఆరబెట్టి మళ్లీ అదే బిగించారు. ఇప్పుడు ఎలక్ట్రీషియన్‌ని అడిగితే మొత్తం మార్చాలి, లక్షా ఇరవై వేలు అవుతుంది అన్నాడు. ఒకేసారి అంత పెట్టలేను. మెయిన్ దింపే ఉంచాను, రెండు రోజులుగా మిషను కూడా ఆగిపోయింది. మళ్లీ కరెంటు వేసుకోవచ్చా? ముందుగా ఏది చేయించాలి? ఇంకోసారి ఇలా జరిగితే ఆ క్షణంలో ఏం చేయాలి? తెలిసినవాళ్లు చెప్పండి, ఇంట్లో చిన్నపిల్లలు కూడా ఉన్నారు, చాలా టెన్షన్‌గా ఉంది.

ఆదోని బట్టల కొట్టు:

అన్నా, ముందు అమ్మను ఆసుపత్రిలో చూపించండి. మా కొట్టు కూడా పాత బిల్డింగే, అద్దెది. వోల్టేజి ఎక్కువ తక్కువ వస్తుంటే మేం పెద్ద స్టెబిలైజర్ పెట్టుకున్నాం, అప్పటి నుంచి బాగానే ఉంది. మీరూ మెయిన్ దగ్గర ఒకటి పెట్టించండి, వైరింగ్ నిదానంగా చూసుకోవచ్చు.

పాతూరు వైర్‌మన్, అనంతపురం:

తమ్ముడూ, మెయిన్ దింపే ఉంచావు చూడు, అది చాలా మంచి పని. నేను చెప్పేదాకా ఎత్తొద్దు. ఆదోని తమ్ముడు మంచి మనసుతో చెప్పాడు గానీ ఈ కేసులో స్టెబిలైజర్ పనికిరాదు. వోల్టేజి తక్కువగా ఉంటే అది పెంచుతుంది, కాస్త ఎక్కువైతే తగ్గిస్తుంది. నీ ఇంట్లోకి వచ్చింది ఆ లెక్కలో లేదు. నువ్వు రాసింది చదువుతుంటే ఇది న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, ఊడిన కేసు అని నాకు గట్టిగా అనిపిస్తోంది. నీ మోటరే దానికి సాక్ష్యం.

ఎట్లాగో చెబుతాను. త్రీ ఫేజ్‌లో ఒక్కో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు ఉంటాయి. ఫేజుకీ ఫేజుకీ మధ్య మాత్రం 400 వోల్టులు. మోటరుకు మూడు ఫేజులు చాలు, న్యూట్రల్‌తో దానికి పని లేదు. అందుకే హాయిగా తిరిగింది. లైట్లు, ఫ్యాన్లు, టీవీ, ఫ్రిజ్ అన్నీ ఒక ఫేజు, న్యూట్రల్ మీద నడుస్తాయి. న్యూట్రల్ ఊడిపోతే వేర్వేరు ఫేజుల మీద ఉన్న నీ ఇంటి లైనూ ముందు గది లైనూ ఒకదాని వెనక ఒకటి తగిలించినట్టు అయిపోయి ఆ 400ను పంచుకుంటాయి. సమానంగా పంచుకోవు. ఎటువైపు లోడ్ తక్కువ ఉంటే అటువైపు ఎక్కువ వోల్టేజి పోతుంది. ముందు గదిలో కూలరు నడుస్తోంది కాబట్టి అటు తగ్గింది. లోపల ఒక బల్బు, ఫ్యాను, టీవీ మాత్రమే ఉన్నాయి కాబట్టి అటు మూడొందల పైకి పోయి ఉంటుంది. టీవీ పోవడానికి అంతకంటే ఏం కావాలి.

దీన్ని ఫ్యూజు ఆపదు, ఎంసీబీ కూడా ఆపదు. అవి ఎక్కువ కరెంటు పారితే తెంపుతాయి, వోల్టేజి పెరిగినా పట్టించుకోవు. వాటి పని వైరును కాలకుండా కాపాడటం. మనిషిని కాపాడే పని వాటికి ఎవరూ అప్పజెప్పలేదు.

ఇప్పుడు నాకు రెండు సంగతులు చెప్పు. ఆ సమయంలో పక్కింట్లో లైట్లు ఎట్లా ఉన్నాయి? వాళ్లకూ ఇట్లాగే అయి ఉంటే తప్పు స్తంభం దగ్గరో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో ఉన్నట్టు. వాళ్లకు ఏమీ కాకపోతే నీ సర్వీసు వైరు నుంచి మెయిన్ దాకా మధ్యలో ఎక్కడో ఉంది. రెండోది ఫ్రిజ్ ప్లగ్గు పెట్టే సాకెట్. మెయిన్ దింపే ఉంది కదా, ఇన్వర్టర్ ఉంటే అదీ ఆపి దాని ప్లగ్గు, బ్యాటరీ వైరు రెండూ తీసేయించు. మెయిన్ దింపాక కూడా ఇన్వర్టర్ వెనక నుంచి అవే వైర్లలోకి కరెంటు పంపుతుంది, మా పనిలో దీని వల్ల దెబ్బ తిన్నవాళ్లు ఎక్కువ. ఆ తర్వాత మీ ఎలక్ట్రీషియన్‌తో ఆ సాకెట్ విప్పించి లోపల ఫోటో తీసి పంపు. పైన ఉండే పెద్ద రంధ్రం ఎర్త్‌ది, అంటే లోపం వస్తే కరెంటును భూమిలోకి పంపే వైరుది. దానికి ఏ వైరు వచ్చిందో చూడాలి.

అమ్మకు షాక్ ఎందుకు కొట్టిందో నాకు ఒక అనుమానం ఉంది. ఫోటో చూశాక చెబుతాను.

సిస్టర్, కడప:

నేను క్యాజువాలిటీలో నర్సుగా చేస్తున్నాను. అమ్మ మామూలుగానే ఉందని ఆగకండి అన్నయ్యా. మీ ఊరి పెద్దాసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి. కరెంటు గుండె గుండా పోతే లయ తప్పవచ్చు, పైకి ఏమీ కనిపించదు. పెద్ద వయసు, పైగా వెనక్కి పడ్డారు కాబట్టి తల, తుంటి కూడా చూపించండి. చేతి మీద, అరికాలి మీద చిన్న కాలిన మచ్చ ఏమైనా ఉందేమో గమనించండి. చర్మం మీద గోరంత మచ్చ ఉన్నా లోపల కండ ఎక్కువ దెబ్బ తిని ఉండొచ్చు. మూత్రం ముదురు రంగులో వస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఇంకో మాట అందరి కోసం రాస్తున్నాను. మా దగ్గరికి కరెంటు కొట్టినవాళ్లను తెచ్చేటప్పుడు దారి పొడవునా అరచేతులు, అరికాళ్లు రుద్దుతూ తెస్తారు. కొందరు నోట్లో నీళ్లు పోస్తారు. మనిషి పలకకుండా, మామూలుగా ఊపిరి తీసుకోకుండా ఉంటే ఆ రుద్దడంతో విలువైన నిమిషాలు పోతాయి. కరెంటు ఆపి, 108కి ఫోన్ చేయించి, మనిషిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి రొమ్ము మధ్యలో రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి పెట్టి నొక్కాలి. కనీసం 5 సెంటీమీటర్లు దిగాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు, అలిసిపోతే ఇంకొకరు అందుకోవాలి. పక్కటెముక విరుగుతుందేమోనని చాలామంది భయపడి నిదానంగా నొక్కుతారు. విరిగిన ఎముక అతుక్కుంటుంది, గట్టిగానే నొక్కండి.

పిండిమిషను కర్నూలు:

అందరికీ చాలా థ్యాంక్స్. అమ్మకు ఈసీజీ తీశారు, ఒక రాత్రి ఉంచుకుని పంపారు, బాగుంది. తుంటికి కూడా ఏమీ కాలేదు.

అన్నా, పక్కింటివాళ్లను అడిగాను. వాళ్లకు ఏమీ కాలేదట, టీవీ చూస్తూనే ఉన్నారట. సాకెట్ విప్పించాం. ఎర్త్ రంధ్రానికి బయటి నుంచి ఏ వైరూ రాలేదు. సాకెట్ లోపలే వేలెడంత నల్ల వైరు ముక్క ఒకటి ఎర్త్ దగ్గర నుంచి పక్క రంధ్రానికి కలిపి ఉంది. వంటింట్లో మిక్సీ సాకెట్‌లో, బాత్‌రూమ్‌లో వాటర్ హీటర్ సాకెట్‌లో కూడా అట్లాగే ఉంది. ఫోటో పెట్టాను. దీనికీ షాక్‌కూ సంబంధం ఉందా?

పాతూరు వైర్‌మన్, అనంతపురం:

నేను అనుకున్నదే. ఆ వేలెడు వైరు ముక్కే అమ్మను కొట్టింది తమ్ముడూ.

ఎర్త్ వైరు లాగని పాత ఇళ్లలో కొందరు ఇట్లా చేసి పోతారు. ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపేస్తారు. న్యూట్రల్ బాగున్నన్నాళ్లు ఏమీ తెలియదు, ఫ్రిజ్ ముట్టుకున్నా జిల్లుమనదు, ఇంటివాళ్లు అర్తింగ్ ఉందనే అనుకుంటారు. న్యూట్రల్ ఊడిన క్షణాన అందులోకి వోల్టేజి ఎక్కుతుంది. ఆ వోల్టేజి నేరుగా ఫ్రిజ్ రేకు మీదికి వస్తుంది. ఫ్రిజ్‌లో ఏ లోపమూ ఉండనక్కర్లేదు. వాటర్ హీటర్‌కు కూడా అట్లాగే ఉందన్నావు, అది తలుచుకుంటే నాకు ఒళ్లు గగుర్పొడుస్తోంది. తడి ఒంటితో ఉన్న మనిషికి అదే జరిగి ఉంటే ఈపాటికి మనం వేరే మాట మాట్లాడుకునేవాళ్లం. ఈ రోజే ఆ ముక్కలు మూడూ తీయించు. మిగతా ప్రతి సాకెట్ కూడా విప్పి చూడాలి.

పక్కింటివాళ్లకు ఏమీ కాలేదు కాబట్టి తప్పు మీ వైపే. మీటరుకు ముందున్నదాన్ని నువ్వు గానీ మీ ఎలక్ట్రీషియన్ గానీ ముట్టుకోకూడదు. 1912కి ఫోన్ చేసి, న్యూట్రల్ తెగినట్టుంది, ఇంట్లో మనిషికి షాక్ కొట్టింది అని స్పష్టంగా చెప్పు. కరెంటు లేదు అని మాత్రమే చెబితే వాళ్లు మామూలు కంప్లయింట్ కింద రాసుకుంటారు. లైన్‌మన్ స్తంభం దగ్గర జాయింటు, మీటరు దాకా సర్వీసు వైరు చూస్తాడు. సర్వీసు వైరు అల్యూమినియంది. దాన్ని రాగి వైరుతో ఊరికే మెలిపెట్టి కలిపితే ఆ జాయింటు దగ్గర తుప్పు పట్టి, వదులై, వేడెక్కి ఒకరోజు వదిలేస్తుంది. గాలికి వైరు ఊగింది, అంతే.

మీటరు తర్వాత నీ పని మొదలవుతుంది. వరదలో మునిగిన ఆ బోర్డును ఇక నమ్మొద్దు. ఆరబెట్టినా స్క్రూల కింద, ఇత్తడి పట్టీల మీద బురద నీటి తడి ఉండిపోతుంది, పచ్చగా చిలుము పడుతుంది. మీ ఎలక్ట్రీషియన్‌ను న్యూట్రల్ స్క్రూలు విప్పమని చెప్పు, నువ్వు పక్కనుండి చూడు. పచ్చటి పొడి గానీ, వైరు తొడుగు నల్లగా పెళుసై గానీ కనిపిస్తే అక్కడే దొరికినట్టు. ఇంకోటి, పాత బోర్డుల్లో న్యూట్రల్‌కు కూడా పింగాణీ ఫ్యూజు పెట్టేవాళ్లు. అది ఎగిరితే లైటు ఆరిపోతుంది, కరెంటు పోయిందనుకుని హోల్డర్‌లో చెయ్యి పెడతారు, ఫేజు మాత్రం అక్కడే ఉంటుంది. న్యూట్రల్‌లో ఫ్యూజు ఉండకూడదు. అక్కడ గట్టి ఇత్తడి లింకు వేయించు.

డబ్బు సంగతికి వస్తాను. లక్షా ఇరవై వేలు ఒకేసారి అక్కర్లేదు. నేనైతే ముందు మెయిన్ మార్చి, కొత్త బోర్డు పెట్టి, నిజమైన అర్తింగ్ తీయిస్తాను. ఫ్రిజ్, మిక్సీ, హీటర్, మోటరు, ఈ నాలుగింటికి ఆ ఎర్త్ వైరు లాగిస్తాను. ఇంటి లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు మనిషిలోకో నేలలోకో కారితే వెంటనే తెంపేసే స్విచ్), వోల్టేజి హద్దు దాటితే తెంపేసే ప్రొటెక్టర్ ఒకటి పెట్టిస్తాను. ఇంతవరకు అయ్యాకే కరెంటు వేసుకో. గదుల వైరింగ్ ఆ తర్వాత ఒక్కో గదిగా మార్చుకోవచ్చు, ముందు వంటిల్లు, బాత్‌రూమ్. చెక్క పట్టీల వైరును కాస్త వంచి చూడు. తొడుగు పొడిపొడిగా రాలితే ఆ గది కనెక్షన్ తీసేసి ఉంచు. వీలైతే ఇంటికి విడిగా సింగిల్ ఫేజ్ సర్వీసుకు దరఖాస్తు పెట్టు. మిషనూ ఇల్లూ ఒకే సర్వీసు మీద ఉండటం మంచిది కాదు.

ఎంసీబీ వేసేటప్పుడు వైరును బట్టి వేయాలి. లైట్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే 6 లేదా 10 ఆంపియర్లు, సాకెట్లకు 2.5 వైరైతే 16. మాటిమాటికీ పడిపోతోందని 32ది తెచ్చి పెట్టేవాళ్లు ఉన్నారు. పింగాణీ ఫ్యూజులో సన్న తీగ బదులు సర్వీసు వైరు పోగులు మెలితిప్పి పెట్టడం లాంటిదే అదీ. ఫ్యూజు నిలబడుతుంది, గోడలో వైరు కాలుతుంది.

అర్తింగ్ గురించి మన సీమవాళ్లకు గట్టిగా చెప్పాలి. గుంత తీసి పైపు దించి, ఉప్పూ బొగ్గూ పోసి కప్పేస్తారు, తర్వాత దాని మొహం ఎవరూ చూడరు. తడి ఉన్న నేలలోనే కరెంటు భూమిలోకి పోతుంది. మా అనంతపురంలో ఏడాదంతా కలిపి పడేది 550 మిల్లీమీటర్ల వాన, ఏప్రిల్ వచ్చేసరికి నేల ఎండి బీటలిస్తుంది. అప్పుడు ఆ గుంత ఉన్నా లేనట్టే. నేను వేసవిలో ఏ ఇంటికి పోయినా ముందు బకెట్టు నీళ్లు తెప్పించి అర్తింగ్ పైపు గరాటులో పోయిస్తాను. బుడబుడమని నీళ్లు లాక్కుంటూనే ఉంటుంది. కర్నూలులోనూ ఎండాకాలం వారానికి రెండుసార్లు పోయండి.

ఆ క్షణంలో ఏం చేయాలి అని అడిగావు కదా. లైటు ఎక్కువ వెలిగినా, ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ ఉన్నా, కాలిన వాసన వచ్చినా ఏ వస్తువునూ ముట్టుకోకుండా నేరుగా మెయిన్ దగ్గరికి పో. టీవీ ప్లగ్గు పీకుదాం, ఫ్రిజ్ ఆపుదాం అని తిరగొద్దు. కాళ్లకు ఎండిన చెప్పులుండాలి, ఒక్క చెయ్యే వాడాలి, రెండో చెయ్యి గోడకు ఆనించకూడదు. మనిషి కరెంటుకు అతుక్కుని ఉన్నా ముందు మెయినే. మెయిన్ అందకపోతే ప్లాస్టిక్ కుర్చీ మీదో ఎండిన చెక్క మీదో నిలబడి, ఎండిన కర్రతోనో ప్లాస్టిక్ పైపుతోనో మనిషిని విడిపించాలి. ఇదంతా ఇంటి కరెంటుకే. వీధిలో తీగ తెగి పడితే కర్ర పట్టుకుని దగ్గరికి పోవడం కూడా ప్రాణం మీదికే. కనీసం పది మీటర్ల దూరంలో ఆగి, అందర్నీ ఆపి 1912కి ఫోన్ చేయాలి. చుట్టూ నేలలోకి కరెంటు పాకి ఉంటుంది. అప్పటికే దగ్గర్లో ఉంటే పెద్ద అంగలు వేయకుండా, రెండు పాదాలూ కలిపి నేల మీద జరుపుకుంటూ బయటికి రావాలి.

ఆదోని బట్టల కొట్టు:

అన్నా, స్టెబిలైజర్ సంగతి తెలిసింది, థ్యాంక్స్. మాది అద్దె కొట్టు కదా. వైరింగ్ ఓనరుది, ముట్టుకోనివ్వడు. మేం మా ఖర్చుతో ఏమైనా చేసుకోవచ్చా? ఇంకోటి, బోర్డు దగ్గర మంట వస్తే? చుట్టూ బట్టలే.

పాతూరు వైర్‌మన్, అనంతపురం:

ఓనరు గోడ వైర్లు ముట్టుకోనివ్వకపోయినా, మీటరు తర్వాత ఆర్‌సీసీబీ పెట్టుకుంటానంటే కాదనేవాళ్లు తక్కువ. ఆయన ముందే ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడించు. ఒక సాకెట్ విప్పించి ఆ నల్ల ముక్క లాంటిది ఉందేమో చూపిస్తే ఓనర్లు కూడా దిగొస్తారు, బిల్డింగ్ కాలితే పోయేది ఆయనదే కదా.

మంట వస్తే, మెయిన్ అందితే దించు. అందకపోతే దాని కోసం పొగలోకి పోవద్దు. కరెంటు ఉండగా నీళ్లు చల్లొద్దు. ఏబీసీ పొడి ఉండే, మంటలార్పే సిలిండర్ ఒకటి తలుపు దగ్గర పెట్టుకో. బోర్డు పక్కన పెడితే మంటొచ్చినప్పుడు అక్కడికి పోలేవు. మంట చిన్నదైతేనే వాడాలి, లేకపోతే అందర్నీ బయటికి పంపి 101కి ఫోన్. బోర్డు చుట్టూ మూడడుగులు బట్టల మూటలు లేకుండా చూసుకో.

కర్నూలు తమ్ముడూ, నీకు దీంట్లో వేరే జాగ్రత్త ఉంది. బోర్డు దగ్గర మంట వస్తే గోనెసంచితో కొట్టొద్దు, పొడి కదా అని పిండి అసలే చల్లొద్దు. పిండి దుమ్ము గాల్లోకి లేస్తే ఒక్కసారిగా అంటుకుంటుంది. స్టార్టర్ మీద, బోర్డు మీద పేరుకున్న పిండిని మెయిన్ దించి కుంచెతో తుడువు. గాలి పైపుతో ఊదొద్దు.

పిండిమిషను కర్నూలు:

అన్నా, లైన్‌మన్ వచ్చి చూశాడు. స్తంభం దగ్గర బాగానే ఉంది. మీటరు తర్వాత పాత మెయిన్‌లో న్యూట్రల్ స్క్రూ విప్పితే మీరు చెప్పిన పచ్చటి చిలుము, కింద వైరు నల్లగా మాడి చేత్తో పట్టుకుంటే ఊడి వచ్చింది. కొత్త మెయిన్, బోర్డు, అర్తింగ్ అయ్యాయి. వైరు ముక్కలు అన్నీ తీయించాం, హాల్లో ఇంకోటి కూడా దొరికింది. నిన్న సాయంత్రం నుంచి మిషను నడుస్తోంది.

ఒక ఇబ్బంది ఉంది. వంటింటి స్విచ్ వేస్తే ఆర్‌సీసీబీ పడిపోతోంది. ఎలక్ట్రీషియన్ ఆర్‌సీసీబీ తీసేద్దామా అంటున్నాడు.

పాతూరు వైర్‌మన్, అనంతపురం:

తీయనివ్వొద్దు. అది పడిపోతోందంటే వంటింట్లో కరెంటు ఎక్కడో కారుతోందని అర్థం. వంటింటి ఎంసీబీ దించి మిగతా ఇల్లు నడుపుకో. తర్వాత వంటింట్లో ప్లగ్గులన్నీ పీకి ఎంసీబీ ఎత్తమను. అప్పుడు నిలబడితే ఒక్కో వస్తువూ పెడుతూ చూడండి, ఏది పెడితే పడుతుందో దాంట్లోనే లోపం. అన్నీ పీకినా పడుతుంటే వైరులోనే ఉంది, సింకు పక్క గోడలో తడి ఉంటుంది, అక్కడ ముందు చూడండి. ఎట్లాగూ మార్చాల్సిన గది అదే కాబట్టి పనిని అక్కడి నుంచే మొదలుపెట్టించు. ఆర్‌సీసీబీ మీద 'టి' అని ఉన్న చిన్న బటన్‌ను నెలకోసారి నొక్కి చూసుకో, వెంటనే పడిపోవాలి. పడకపోతే దాన్ని మార్చేయ్.